అర నిమిషం కదలకండి

ఆ రోజు పొద్దున టీ తాగుతూనే స్టోర్సు సూపర్‌వైజరు తన కార్యక్రమం ప్రకటించాడు. కంపెనీవాళ్ళు ‘కదలిక’ అనే అంశం మీద ఫోటోల పోటీ పెట్టారు. చీకటిపడ్డాక డాబా ఎక్కి, కెమెరాను స్టాండు మీద బిగించి, షట్టరు అర నిమిషం తెరిచి ఉంచితే రోడ్డు మీద పోయే బండ్ల దీపాలు ఎర్రటి గీతలుగా పడతాయి. ఇల్లాలు అంతా విని, డాబా మీద ఆరేసిన దుప్పట్లు ముందే తీసెయ్యాలని గుర్తుపెట్టుకుంది.

సాయంత్రం వాన పట్టుకుంది. కార్యక్రమం డాబా మీద నుంచి భోజనాల గదిలోకి దిగింది. కిటికీలోంచి రోడ్డు కనిపిస్తుంది కాబట్టి ముందు కుటుంబం, వెనక దీపాల గీతలు అన్నాడతను. ఒక్క చిన్న బల్బు ఉంచి మిగతావన్నీ ఆర్పేశాడు. తల్లినీ భార్యనీ బల్ల దగ్గర కూర్చోబెట్టి, బొత్తాం నొక్కి, తనూ పరుగున వచ్చి కూర్చున్నాడు.

"అర నిమిషం ఎవరూ కదలకండి."

గదిలోనే ఓ మూల స్టవ్ మీదున్న పాలు పొంగుకొచ్చాయి. ఇల్లాలు లేచి స్టవ్ దగ్గర నిలబడి మంట తగ్గించింది. అత్తగారు పెదవులు కదపకుండా మంచినీళ్ళు అడిగారు. అవి ఇచ్చేసరికి జల్లు లోపలికి కొడితే కిటికీ ఓరగా వేసింది. గాలికి తలుపు కొట్టుకుంది, వెళ్ళి గడియ పెట్టింది.

ఫోటోలో తల్లీకొడుకులు విగ్రహాల్లా పడ్డారు. ఇల్లాలు మాత్రం ఒకే చీరలో, ఆగిన నాలుగు చోట్లా పల్చగా, నలుగురు మనుషుల్లా పడింది. సూపర్‌వైజరు మురిసిపోయి దాన్నే పోటీకి పంపాడు.

వచ్చిన ఫోటోలన్నీ ఆఫీసు బోర్డుకు తగిలించారు. క్యాంటీను కాంట్రాక్టరు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. కొన్నాళ్ళుగా అతని దగ్గర భోంచేసేవాళ్ళు తగ్గిపోతున్నారు. కారణం ఇన్నాళ్ళకు దొరికింది. కంపెనీ క్వార్టర్సులో మెస్సు! అదీ వంటమనుషులకు యూనిఫాం చీరలు కట్టించి మరీ. మధ్యాహ్నానికల్లా అకౌంట్సువాళ్ళు ఇద్దరొచ్చి ఫోటో బాగుందంటూ మొదలుపెట్టి, భోజనం ఎలా ఉంటుందో వాకబు చేశారు. అంతా మెచ్చుకోలే అనుకున్నాడు సూపర్‌వైజరు.

"మొత్తం మా ఆవిడే నడిపిస్తుందండీ" అన్నాడు నిండుగా.

ఆ వారంలోనే, కాంట్రాక్టరు ఫిర్యాదు మీద, క్వార్టర్సు ఆఫీసరు ఓ సాయంత్రం చీకటిపడ్డాక తనిఖీకి వచ్చాడు. ఇంట్లో వ్యాపారం ఉన్నట్టు తేలితే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలట. ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే దొరికిన ఇల్లు.

"ఫోటోలో ఆ నలుగురూ ఏరమ్మా?"

"నలుగురూ నేనేనండీ."

ఇలాంటి జవాబులు ఆఫీసరు చాలానే విని ఉన్నాడు. పెద్దావిడ నిజం చెబుతారని అటు తిరిగాడు. అత్తగారికి కొడుకు పరువు ముఖ్యం.

"మా అబ్బాయి హోదాకి ఆ మాత్రం పనివాళ్ళు లేకపోతే ఎలా బాబూ?" అన్నారు.

ఇల్లాలే మొగుడి చేత కెమెరా తెప్పించి, లైట్లు ఆర్పి, ఆఫీసరుని తన కుర్చీలో కూర్చోమంది. అర నిమిషం కదలొద్దని చెప్పి తన పనిలో తను పడింది. స్టవ్, నీళ్ళు, కిటికీ, తలుపు.

ఈసారి ముగ్గురు స్పష్టంగా పడ్డారు, నలుగురు పల్చగా. ఆఫీసరు వేలుపెట్టి లెక్కపెట్టాడు. ఎదురుగా ఉన్న చీరనూ ఫోటోలోని చీరలనూ పోల్చి చూశాడు. ఫైలు మూసేశాడు.

"మెస్సు కాదులెండి. మెస్సయితే ఈవిడకి జీతమైనా వచ్చేది."

ఇల్లు నిలబడింది. ఇల్లాలు ఇంకో కుర్చీ తెచ్చి వేసుకుని, మొగుడివైపు తిరిగింది.

"ఇప్పుడు నన్ను కూడా ఒకటి తియ్యండి. కూర్చోబెట్టి."

నలుగురూ కూర్చున్నారు. షట్టరు తెరుచుకుంది. ఆఫీసరు టీ కోసం మళ్ళీ పెట్టిన పాలు అంచుదాకా లేచాయి.

"పాలు, అమ్మాయ్" అన్నారు అత్తగారు, పెదవులు కదపకుండా.

"కదలొద్దన్నారు కదా అత్తయ్యా" అంది ఇల్లాలు, తనూ కదపకుండా.

సూపర్‌వైజరు బోర్డు మీది ఫోటో తీసేసి దీన్ని పెట్టాడు. అందులో మనుషులు నలుగురూ స్పష్టంగా ఉన్నారు. ‘కదలిక’ బహుమతి పాలకొచ్చింది.