తాబేలు మూత, కుందేలు మూత

ఆ ఉదయం మామయ్యకు ఒకటే పని: మేనకోడలు మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఆమె ల్యాబులో ఇచ్చి రావడం. ఊరికే ఇచ్చి వచ్చేస్తే ఆయన మామయ్య ఎలా అవుతాడు?

బల్ల మీద రెండు గుండ్రటి పళ్ళాలున్నాయి. ఒక మూత మీద తాబేలు బొమ్మ, ఇంకోదాని మీద కుందేలు.

"ఏంటే ఇవి?"

"నులిపురుగులు మామయ్యా. తాబేలు మూత వాటికి, నరాల్లో 'కదులు' అని చెప్పే జీ ప్రోటీన్ జన్యువు పాడైంది. కుందేలు మూత వాటికి 'ఆగు' అని చెప్పేది పాడైంది. తాబేళ్ళకి మందుపెట్టి ఇంకా చెడగొట్టా. ఈ పళ్ళెంలో ఉన్న వాటి సంతానంలో ఒక్కటి పరిగెత్తినా, ఎక్కడో బ్రేకు కూడా తెగినట్టే. అది దొరికితే నా థీసిస్ పూర్తి. లేదంటే ఇంకో ఏడాది ఇక్కడే."

"బ్రేకు లేనిది కావాలంటే మీ అత్తయ్యని తీసుకొస్తా కదే!"

"నీకు యాక్సిలరేటరే లేదుగా, జత సరిపోయింది."

ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. మామయ్య చటుక్కున మూతలు మార్చేశాడు. ఎనిమిదో తరగతిలో మూడేళ్ళు కూర్చున్న బుర్రకు అంతకన్నా గొప్ప ఆలోచన రాలేదు.

వచ్చి మైక్రోస్కోపులో కన్నుపెట్టిన పిల్ల కెవ్వుమంది. "పరిగెడుతోంది! మేడమ్, తాబేలు పరిగెడుతోంది!"

మామయ్య ఆమె పక్కకు జరిగాడు. "ఇంకోసారి చూసుకో తల్లీ..."

"నువ్వుండు మామయ్యా!"

గైడు మేడమ్ పరుగున వచ్చింది. ఆమె పెద్దసారును పిలిచింది. ఆయన వెంట పక్క ల్యాబు మొత్తం దిగింది. ఈలోగా పిల్ల ఫోనులో, "అమ్మా, నా చదువు అయిపోయిందే!" అని ఏడుస్తోంది. అవతల అక్కయ్య ఏడుపు కూడా వినిపించేసరికి మామయ్య ఇక ఆగలేకపోయాడు. గుంపులో దూరి మూతలు రెండూ అందుకున్నాడు.

"అవి మీ చేతిలో ఎందుకున్నాయండీ?" అంది మేడమ్.

"తప్పు నాదేనమ్మా. మూతలు నేనే మార్చా. ఆ పరిగెత్తేది కుందేలే. పిల్లనేమీ అనకండి."

పిల్ల మొహంలో నెత్తురుచుక్క లేదు. మేడమ్ పళ్ళెం ఎత్తి అడుగున చూసింది.

"మూతలు ఎప్పుడూ తారుమారవుతాయనే మేం నంబరు అడుగున రాస్తాం. ఇది తాబేళ్ళ పళ్ళెమే. అయినా కుందేళ్ళయితే అన్నీ పరిగెత్తాలి కదండీ, ఇందులో ఒక్కటేగా!"

"మరి ఆ బొమ్మలెందుకు?"

"నీలాంటి చుట్టాల కోసం," అంది మేనకోడలు కళ్ళు తుడుచుకుంటూ.

నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదని మామయ్యకు అప్పుడు అర్థమైంది.

మర్నాటి నుంచి ల్యాబు తలుపు మీద ఒక కాగితం ఉంది: టిఫిన్ డబ్బాలు బయటే ఉంచవలెను, తెచ్చినవారు కూడా.