డెబ్బై మూడో పేజీ

ఆ ఉదయం డ్రమ్మరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, తమ రాక్ బ్యాండు పాతికేళ్ల చరిత్ర ప్రూఫు చదివి, పదింటికల్లా బేస్ గిటారిస్టుకు అందజేయాలి. ప్రూఫు ఒక్కటే కాపీ, ఇంటింటికీ తిరుగుతుంది. నచ్చని వాక్యం ఉంటే ఎవరైనా నల్ల మార్కరుతో కొట్టేయవచ్చు, ఎందుకని ఎవరూ అడగకూడదు. ఈ నియమం పెట్టింది గాయకుడు. చరిత్ర నిప్పులాంటి నిజం కావాలని ఉపన్యాసమిచ్చిందీ ఆయనే.

డెబ్బై మూడో పేజీ తిప్పగానే డ్రమ్మరు గుండెల్లో రాయి పడింది. పైన పెద్దక్షరాలతో శీర్షిక: 'ఆ రోజు స్టూడియోలో అసలేం జరిగింది? సౌండ్ ఇంజనీరు చెప్పిన నిజం.'

అసలు జరిగింది ముగ్గురికే తెలుసు. మొదటి ఆల్బమ్ రికార్డింగు రోజు మిగతావాళ్లు భోజనానికి వెళ్లారు. ఎర్రలైటు వెలగగానే డ్రమ్మరు చేతులు వణికి కర్రలు జారిపోయాయి. అతను లేనప్పుడల్లా ఇంట్లో డ్రమ్ముల మీద సాధన చేసిన భార్య అప్పుడే క్యారియరు తెచ్చింది. "లేవండి" అని కూర్చుని వాయించేసింది. చూసినవాడు ఇంజనీరొక్కడే. ఆ మూడు నిమిషాల పుణ్యమే డ్రమ్మరుకు పాతికేళ్లుగా ఉన్న పేరూ, బ్యాండులో చోటూ.

శీర్షిక కింద ఒక్క అక్షరం చదివే ధైర్యం అతనికి లేకపోయింది. పేజీ మొత్తం పులిమేశాడు.

"ఏమిటండీ, పుస్తకానికి తారు వేస్తున్నారా?" అంది భార్య.

"అచ్చుతప్పు."

"పేజీ అంతానా?"

పదకొండు కాకముందే బేస్ గిటారిస్టు ఫోన్ చేశాడు.

"అన్నా, డెబ్బై మూడులో ఏముంది? నా గురించేనా?"

"అడగకూడదు కదరా! అయినా ఏమీ లేదు."

"ఏమీ లేనిదానికి అంత మార్కరు అరగదీస్తావా?"

ఎందుకైనా మంచిదని బేస్ గిటారిస్టు అటు పేజీ, ఇటు పేజీ నల్లగా చేసి గాయకుడికి పంపాడు. వరసగా మూడు నల్ల పేజీలు చూసేసరికి ఆయనకు చెమటలు పట్టాయి. వీళ్లిద్దరూ దాచారంటే అది తన బండారమేనని తేల్చుకుని, ఆ అధ్యాయమంతా కొట్టేశాడు. సాయంత్రానికి ప్రూఫు చూసిన, ఆ చరిత్ర రాసిన రచయిత్రి అందరికీ కబురు పెట్టింది: "నా దగ్గర ఇంకో కాపీ ఉంది. అందరి ముందూ చదువుతాను, రండి."

రిహార్సల్ గదిలో చప్పుడు బయటికి పోకుండా గోడల నిండా అంటించిన గుడ్ల అట్టలు తననే చూస్తున్నట్టు అనిపించింది డ్రమ్మరుకు. భార్య పక్కనే తాపీగా కూర్చుంది. రచయిత్రి కళ్లజోడు సర్దుకుంది.

"డెబ్బై మూడో పేజీ. ఆ రోజు..."

"నేను కాదు!" అని డ్రమ్మరు లేచి అరిచాడు. "ఆ డ్రమ్ములు వాయించింది నేను కాదు, మా ఆవిడ!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటువ్యాధి కాబోలు. బేస్ గిటారిస్టూ లేచాడు. "నాలుగేళ్లు స్టేజీ మీద నా గిటారు వైరు దేనికీ పెట్టలేదు. తప్పు పోతుందని భయం." గాయకుడు తల దించుకున్నాడు. "మన పెద్ద హిట్టు రాసింది మా బావమరిది."

రచయిత్రి ముగ్గురినీ మార్చి మార్చి చూసి, మిగిలింది చదివింది. "ఆ రోజు స్టూడియోలో ఏసీ చెడిపోయింది. మెకానిక్కు మూడింటికి వచ్చాడు. ఇంతకుమించి గుర్తులేదని ఇంజనీరు చెప్పారు."

"దీనికా అంత శీర్షిక?" అన్నాడు డ్రమ్మరు నీరసంగా.

"కొనేవాళ్లు కొనాలి కదండీ" అంటూ ఆమె కలం తీసి గబగబా రాసుకోవడం మొదలుపెట్టింది. గాయకుడు కంగారుగా మార్కరు అందుకున్నాడు. అందులో చుక్క సిరా లేదు.

పుస్తకం బాగా అమ్ముడుపోయింది. ఏసీ సంగతికి మాత్రం చోటు చాలలేదు. నెల తిరక్కుండా పెద్ద కచేరీకి పిలుపొచ్చింది. ఫోన్ మోగితే డ్రమ్మరు బిక్కుబిక్కుమంటూ ఎత్తాడు.

"అన్నా, ఆదివారం వదిన ఖాళీయేనా?" అన్నాడు బేస్ గిటారిస్టు.

డ్రమ్ములు మోయడానికి మాత్రం అతన్నే రమ్మన్నారు.