రేకుల డబ్బుకు సన్మానం

తిరువూరు స్వయంశక్తి సేవా సమితి అధ్యక్షుడు అంకారావుకి ఆ ఉదయం ఉన్నది ఒకే ఒక్క పని. బస్టాండు పక్క రేకుల కొట్టుకి వెళ్లి ముప్పై వేలు కట్టి రావాలి. వినగడపలో సమితి నడిపే పిల్లల కేంద్రం కప్పుకి చిల్లులు పడ్డాయి. తల్లులు కూలికి వెళ్తే పాతికమంది పసివాళ్లు అక్కడే ఉంటారు. వానలొచ్చేలోగా కప్పు వేయకపోతే కేంద్రం మూసెయ్యడమేనని టీచరు హెప్సిబా నెల రోజులుగా మొత్తుకుంటోంది.

విదేశీ నిధులు ఆగిపోయాక ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి ఆ ముప్పై వేలు పోగుచేసింది కూడా ఆమే. అంకారావు రసీదుల మీద సంతకాలు పెట్టాడు. అదీ కుర్చీలోంచి లేవకుండా.

"డబ్బు కట్టేశారా సార్?" హెప్సిబా ఫోన్లో అడిగింది.

"తొందరేంటమ్మా! ఇచ్చినవాళ్లకి సన్మానం చెయ్యకపోతే వచ్చే ఏడు ఎవడిస్తాడు? సంస్థ నిలబడాలంటే ముందుచూపుండాలి. ఒక్క ఫ్లెక్సీ, రెండు శాలువాలు. ఎంతవుద్దేంటి?"

ఎంతయిందో వినండి. పత్తి వ్యాపారి బసవపున్నయ్య, రిటైర్డు హెడ్మాస్టరు అంతోనయ్య ఆ ముప్పై వేలలో చెరో పదివేలు ఇచ్చారు. ఫ్లెక్సీలో ఒకరి ఫోటో పైన పడింది, ఒకరిది కింద పడింది.

"నేనేమన్నా తక్కువిచ్చానా అండీ?" అని అంతోనయ్య ముఖం తిప్పుకున్నాడు. రెండో ఫ్లెక్సీలో ఇద్దరినీ పక్కపక్కన వేస్తే, తన మొహం చిన్నదైందని బసవపున్నయ్య అలిగాడు. మూడోది రోడ్డుకి అడ్డంగా కట్టేంత పెద్దది. మధ్యలో ఎవరిని వేసినా గొడవేనని అంకారావు అక్కడ తన ఫోటోయే వేయించుకున్నాడు. ఆహా, ఏం త్యాగం!

ఇద్దరికే శాలువాలేంటని మిగతా చందాదారులు నిలదీశారు. వాళ్లకీ కొన్నాడు. శాలువా కప్పి ఉత్త కడుపుతో పంపుతామా అని బిర్యానీ చెప్పాడు. ముప్పై వేలూ హరించుకుపోయాయి, షామియానా వాడికి బాకీ మిగిలింది.

సభ రోజున వాన దంచికొట్టింది. అతిథులు శాలువాలు నెత్తిన కప్పుకుని బిర్యానీ పొట్లాలతో పరుగెత్తారు. అంకారావు మాత్రం కరెంటు పోయేదాకా ఖాళీ కుర్చీలకి ఆర్థిక స్వావలంబన బోధిస్తూనే ఉన్నాడు, సిగ్గులేని మనిషి!

హెప్సిబా మూడు ఫ్లెక్సీలూ విప్పి, చుట్టి, షేర్ ఆటోలో వేసుకుని వినగడప వెళ్లిపోయింది.

మూడో రోజు గంపలగూడెం వెళ్తున్న బసవపున్నయ్య రోడ్డు మీంచి తన మొహాన్నే చూసి బండి ఆపాడు. "ఓరి నాయనో! నా మొహం తెచ్చి కప్పు మీద పరిచారేంటి?" అని అరుస్తూ లోపలికి దూరాడు. బయట జోరువాన. లోపల పొడి నేల మీద పిల్లలు నిద్రపోతున్నారు.

"మీరిచ్చిన డబ్బుకి వచ్చింది ఇదేనండి," అంది హెప్సిబా. "తిట్టుకోండి, కొట్టుకోండి, నేను మాత్రం తియ్యను."

బసవపున్నయ్య తలెత్తి కప్పు చూశాడు, వంగి పొడి నేల తడిమాడు.

"రేకులెన్ని కావాలమ్మా?"

మర్నాడు రేకులు ఆయన లారీలోనే నేరుగా వినగడపలో దిగాయి. "దీనికి గాని ఫ్లెక్సీ కట్టారో, రేకులు పీక్కుపోతా" అని చెప్పి మరీ దింపించాడు. హెప్సిబాకి ఏడుపు ఆగలేదు.

ఆ సాయంత్రమే సమితి అత్యవసరంగా సమావేశమైంది. స్థానిక వనరులతో పైకప్పు సాధించిన హెప్సిబాని ఘనంగా సన్మానించాలని అంకారావు తీర్మానం చేయించాడు. నిధులు లేవు గనక కొత్త చందా పుస్తకం తెరిచారు.

మొదటి చందా రసీదు హెప్సిబా పేరునే రాశారు.