చెప్పుల డబ్బాలో వాచీలు

శుక్రవారం పొద్దున గడియారం గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య వంటింట్లో ఉండగా బీరువా అడుగున ఉన్న చెప్పుల డబ్బా తీసుకుని కిందకి దిగాలి, వీధి చివరి చెత్తకుండీలో పడేయాలి, తిరిగొచ్చి స్నానం చేసి ఆఫీసుకు పోవాలి. అంతే.

గడియారం గారన్నది ఆయన అసలు పేరు కాదు, ఆఫీసువాళ్ళు చాటున పెట్టిన పేరు. ఆస్పత్రి మంచాలు తయారుచేసే కంపెనీలో ఆయన కొనుగోళ్ళ అధికారి. ఇనప గొట్టాలు, రంగు డబ్బాలు, మంచం కోళ్ళకు బిగించే చక్రాలు, అన్నీ ఆయన సంతకంతోనే లోపలికి రావాలి. ఆ సంతకం పెట్టేముందు ఆయన చొక్కా చేతిని పైకి లాక్కుంటారు. మణికట్టు మీది వాచీ ఎదుటివాడి కంట్లో పడిందని రూఢి అయ్యేదాకా కలం కదపరు.

డబ్బా నిండా ఉన్నవి కూడా వాచీలే, కాకపోతే అన్నీ నకిలీలు. గొప్ప గొప్ప కంపెనీల పేర్లున్నవి, సందులోని దుకాణంలో బేరమాడి కొన్నవి. ఏళ్ళ తరబడి వాటినే రోజుకొకటి చొప్పున పెట్టుకుని తిరిగారు. పోయిన నెలలో, కూడబెట్టినదంతా ఊడ్చి, అసలు సిసలైన స్విస్ వాచీ ఒకటి కొన్నారు. ఆ క్షణం నుంచీ నకిలీ వాచీ కనబడితే చాలు, ఆయనకు ఒళ్ళు కంపరమెత్తుతోంది. పైగా ఊళ్ళోని వాచీల సేకర్తల సంఘంలో సభ్యత్వానికి దరఖాస్తు పెట్టారు. ఆ సంఘం అధ్యక్షుడైన పళ్ళ డాక్టరు ఆదివారం ఇంటికొచ్చి స్వయంగా చూసుకుంటానన్నాడు. ఇంట్లో నకిలీ ఒక్కటి కనిపించినా సభ్యత్వం రాదు.

మరి ఆ డబ్బాను దర్జాగా పారేయక ఈ చాటుమాటు ఎందుకంటే, భార్యకు ఆయన చెప్పినది సరిగ్గా తలకిందులు. డబ్బాలోవన్నీ అసలువనీ, ముసలితనంలో బంగారంలా ఆదుకుంటాయనీ చెప్పి ఇంటిఖర్చు కోసేవారు. అసలుది కొన్నరోజు మాత్రం దాని ధర చెప్పే ధైర్యం లేక, "ఇదా? ఉత్త నకిలీ. ఊరికే సరదాకి" అనేశారు.

డబ్బాను చెత్తకుండీలో లోతుగా కుక్కి వచ్చి, ఆయన హాయిగా కూనిరాగం తీస్తూ స్నానం చేశారు. తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి కింది వాటా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో చెప్పుల డబ్బా, దానికి అంటుకుని ఒక అరటితొక్క.

"చూశావా వదినా, ఎవరో పాడుముండావాళ్ళు మీ డబ్బా ఎత్తుకుపోయి చెత్తలో పడేశారు. నయం, మీద అన్నయ్యగారి పేరుంది కాబట్టి సరిపోయింది" అంటోంది ఆవిడ.

ఆవిడ వెళ్ళాక భార్య మూత తీసి చూసింది. భర్తను చూసింది.

"ఏమండీ, ఇవేగా మనకి ముసలితనంలో ఆదుకునేవి?"

"అవే... మోజు తీరిపోయిందే."

"మోజు తీరితే చెత్తలో పోస్తారా? ఇవి కొంటున్నారనే కదా ఆ ఫ్రిజ్ మార్చంది? తలుపు నిలవక కుర్చీ అడ్డం పెట్టుకుని బతుకుతున్నా!"

"నకిలీవే" అని ఒక్క ముక్క అంటే అక్కడితో తీరిపోయేది. ఆ ముక్క ఆయన గొంతుదాకా వచ్చింది. ఫ్రిజ్‌కి ఆనించిన కుర్చీని చూసి మళ్ళీ లోపలికి పోయింది.

"అక్కర్లేకపోతే నలుగురికీ పంచండి. మంచిమనిషన్న పేరన్నా వస్తుంది" అని ఆవిడ డబ్బాను శుభ్రంగా తుడిచి ఆయన చేతిలో పెట్టింది.

ఆలోచన బాగానే ఉందనిపించింది గడియారం గారికి. అబద్ధం మాత్రం ఆడకూడదనుకున్నారు. నకిలీయా అని ఎవరైనా అడిగితే అవునని చెప్పేద్దామనుకున్నారు. చిక్కేమిటంటే, ఆఫీసులో అలా ఎవరూ అడగలేదు.

"నాకా సార్? అసలుదే?" అన్నాడు స్టోర్‌కీపరు, రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకుని.

గడియారం గారు నవ్వారు.

"బాబూ, నిజంగా అసలుదేనా? మా అల్లుడికి పెడదామని. ఆ పిల్లాడు అసలే అనుమానం మనిషి" అంది అకౌంట్స్ పెద్దమ్మ. ఆవిడ అకౌంట్స్ విభాగానికి పెద్ద. అందరికీ పెద్దమ్మే.

గడియారం గారు మళ్ళీ నవ్వారు. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా "అసలుదే, కానీ నా నోటితో చెప్పుకుంటే బాగోదు" అన్నట్టే ఉంటుంది. మధ్యాహ్నానికి డబ్బా ఖాళీ అయింది. ఇవ్వడంలో ఇంత సుఖముందా అని ఆయనకే ఆశ్చర్యమేసింది. సాయంత్రానికి తాను నిజంగానే ఏదో ఇచ్చానన్న నమ్మకం కూడా కుదిరింది.

అయితే వాచీ అందినవాళ్ళకంటే అందనివాళ్ళు చురుకైనవాళ్ళు. వాళ్ళు క్యాంటీనులో కూర్చుని లెక్క తేల్చారు. స్టోర్‌కీపరుకు ఎందుకిచ్చారు? వచ్చిన సరుకు చూసీ చూడనట్టు దించుకుంటాడు గనక. పెద్దమ్మకి ఎందుకిచ్చారు? బిల్లు ఆవిడే పాస్ చేస్తుంది గనక. మరి కిందటి నెల వచ్చిన చక్రాలు? మంచాన్ని ముందుకు తోస్తే పక్కకి పోతోంది, పైగా కీచుమంటోంది. అంటే చక్రాల వ్యాపారి వాచీలు ఇచ్చాడు, గడియారం గారు వాటాలు పంచారు. ఇంటికి పోయే వేళకి ఈ మాట కంపెనీ అంతా పాకిపోయింది.

శనివారం పొద్దున డైరెక్టరు స్టోరు చూడ్డానికి వెళ్ళాడు. చక్రాలు చూడలేదు, స్టోర్‌కీపరు మణికట్టు చూశాడు. తాను విమానాశ్రయంలో ముచ్చటపడి, ధర విని అక్కడే వదిలేసి వచ్చిన వాచీ అది. ఆయనకు కడుపు మండిపోయింది. అరగంటలో గడియారం గారు, స్టోర్‌కీపరు, పెద్దమ్మ ఆయన గదిలో వరసగా నిలబడి ఉన్నారు.

"చక్రాలవాడు ఎన్ని ఇచ్చాడు?" అన్నాడు డైరెక్టరు.

గడియారం గారు గబుక్కున ఒక అడుగు ముందుకు వేశారు. "అయ్యో, ఎవరూ ఇవ్వలేదు సార్! నేను కొన్నవే. అన్నీ నకిలీవి!"

"దొరికిపోయినవాళ్ళందరూ అనేమాటే ఇది."

"నకిలీ ఏమిటి బాబూ?" పెద్దమ్మ లబోదిబోమంది. "నిన్న సాయంత్రమే అల్లుడికి పెట్టాను. అసలుదేనా అని మా వియ్యపురాలు గుచ్చి గుచ్చి అడిగింది. నా మీద ఒట్టు అన్నాను. ఇప్పుడు నేను ఆవిడ మొహం ఎలా చూసేది?"

"నాది అసలుదే సార్. బరువే చెబుతోంది" అన్నాడు స్టోర్‌కీపరు. ఆ మాట తన మెడకే చుట్టుకుంటుందని అతనికి తట్టలేదు. నకిలీ వాచీ పెట్టుకున్నాడనిపించుకోవడం కంటే లంచం తిన్నాడనిపించుకోవడమే అతనికి గౌరవంగా తోచింది.

"సరే, తెలిసినవాణ్ణే పిలుద్దాం" అని డైరెక్టరు ఫోను తీశాడు. ఆయనకు తెలిసిన వాచీల నిపుణుడు ఒక్కడే, ఆయన పళ్ళు చూసే డాక్టరు. కుర్చీలో పడుకోబెట్టి నోరు తెరిపించి, ఆ డాక్టరు చెప్పేవన్నీ వాచీల కబుర్లే. నోరు తెరుచుకుని ఉన్న మనిషి కాదనలేడు కనుక, డాక్టరుకు ఊళ్ళో మహా నిపుణుడన్న పేరు స్థిరపడిపోయింది.

డాక్టరు రాగానే గడియారం గారు గుర్తుపట్టారు, రేపు తన ఇంటికి రావలసిన సంఘం అధ్యక్షుడే. వాచీలు నకిలీవని తేలితే సభ్యత్వం పోతుంది. అసలువని తేలితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగమే మేలనుకుని ఎదురెళ్ళారు.

"డాక్టరుగారూ, ఇవి నకిలీవని ఒక్క మాట చెప్పండి. ఆ సెకన్ల ముల్లు చూడండి, ఎలా ఎగిరెగిరి పడుతోందో! ఆ అడుగున సన్నక్షరాలు చూడండి. దేశం పేరులో ఒక అక్షరమే లేదు!"

డాక్టరు పళ్ళు చూసే భూతద్దం కంటికి పెట్టుకుని స్టోర్‌కీపరు వాచీ చూశాడు. నిజమే, అక్షరం లేదు. ఆయన మొహంలో ఏదో మెదిలింది. కిటికీ వైపు తిరిగి, చొక్కా చెయ్యి పైకి జరిపి, తన సొంత వాచీ మీద భూతద్దం పెట్టాడు. ఏ వాచీ చూపించి సంఘానికి అధ్యక్షుడయ్యాడో ఆ వాచీ అది. దాని మీద కూడా ఆ అక్షరం లేదు.

డాక్టరు చాలాసేపు కిటికీలోంచి బయటి ఇనప గొట్టాలను చూస్తూ ఉండిపోయాడు. ఇటు తిరిగేసరికి చొక్కా చేతి బొత్తాం పెట్టేసి ఉంది.

"అసలుదే" అన్నాడు. "నూటికి నూరుపాళ్ళు."

"అక్షరం లేదు కదండీ!" అని గడియారం గారు అరిచారు.

"అదే దీని గొప్ప. తొలిరోజుల్లో అలా అచ్చయినవి కొన్నే ఉన్నాయి. సామాన్యులకు తెలీదు."

పెద్దమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. స్టోర్‌కీపరు ఛాతీ విరుచుకున్నాడు. గడియారం గారు తన వాచీ ఊడదీసి బల్లమీద పెట్టారు. "ఇది అసలుది. దాని పక్కన పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది!"

డాక్టరు చూశాడు. తేడా బాగానే తెలిసింది. అందుకే క్షణం కూడా ఆలోచించలేదు.

"ఇందులో అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇది నకిలీ."

సరిగ్గా ఆ సమయానికే గడియారం గారి భార్య రొప్పుతూ లోపలికి వచ్చింది. డాక్టరు వచ్చేలోగా పెద్దమ్మ చాటుగా ఫోను చేసి, మీ ఆయన ఉద్యోగం ఊడేలా ఉందని చెప్పిందట.

"ఎవరండీ మా ఆయన లంచం తిన్నాడన్నది?" అంది ఆవిడ వస్తూనే. "ఆ డబ్బాలోవన్నీ ఇన్నేళ్ళుగా ఆయన జీతంతో కొన్నవే. కావాలంటే మా ఇంటికి రండి, ఫ్రిజ్ తలుపుకి కుర్చీ అడ్డం ఉంటుంది. సోఫాలో కూర్చుంటే కిందకి దిగిపోతారు. నా ముచ్చట్లన్నీ ఆ వాచీల కిందే పోయాయి. నిన్ననే నలుగురికీ పంచేయమని నేనే చెప్పా."

"మరి ఇది?" అని డైరెక్టరు బల్లమీది వాచీ చూపించాడు.

"అదా? అది ఉత్త నకిలీ అండీ. కొన్నరోజే చెప్పారు."

డైరెక్టరు మెల్లగా కుర్చీలోంచి లేచాడు. ఆయన కళ్ళలో నీళ్ళు.

"ఏం మనిషివయ్యా నువ్వు! ఇల్లు గడవకుండా కూడబెట్టిన అసలు వాచీలు కింది ఉద్యోగులకి పంచి, నువ్వు నకిలీ పెట్టుకుని తిరుగుతున్నావా? పైగా అవి నకిలీవని నీ అంతట నువ్వే తక్కువ చేసుకుంటున్నావా?" అని గడియారం గారిని గట్టిగా కౌగలించుకున్నాడు. "జనరల్ మేనేజరు కుర్చీ ఖాళీగా ఉంది. ఇంక వేరేవాణ్ణి వెతకను."

డైరెక్టరు భుజం మీదనుంచి గడియారం గారికి బల్లమీద తన వాచీ కనిపిస్తోంది. జనరల్ మేనేజరన్న మాట చెవుల్లో మోగుతోంది. నోటిదాకా వచ్చిన నిజాన్ని ఆయన మెల్లగా మింగారు. ఆయనకు అలవాటైన పనే అది.

"మా సంఘానిక్కూడా ఇలాంటివాళ్ళే కావాలి" అన్నాడు డాక్టరు. బల్లమీది ఆ అసలు వాచీ లోకంలో ఉన్నంతకాలం ఎవరో ఒకరు పక్కపక్కన పెట్టి చూస్తారన్న భయం ఆయన్ని పీడిస్తోంది. "కాకపోతే ఒక నియమం ఉంది. నకిలీ ఉంటే సభ్యుడు కాబోయేవాడు తన చేత్తోనే దాన్ని పగలగొట్టాలి."

స్టోర్‌కీపరు సుత్తి తెచ్చాడు. గడియారం గారు భార్యను చూశారు, డైరెక్టరును చూశారు. సుత్తి ఎత్తి కళ్ళు మూసుకుని కొట్టారు. అద్దం మీద గీత కూడా పడలేదు.

"నకిలీవి మొండివి. గట్టిగా కొట్టండి" అన్నాడు డాక్టరు.

గట్టిగా కొట్టారు. ఆ పైన ఇంకా గట్టిగా కొట్టారు. చివరికి అద్దం పగిలి, లోపలి సన్నటి చక్రాలు బల్లమీద దొర్లాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఆ కన్నీళ్ళేమిటండీ?" అంది భార్య రహస్యంగా.

"సంతోషం" అన్నారు గడియారం గారు.

ఆయన జనరల్ మేనేజరయ్యారు. సంఘంలో సభ్యుడూ అయ్యారు. తనకు మాత్రం వాచీ రాలేదని డైరెక్టరు పదేపదే ఖాళీ మణికట్టు తడుముకోవడం చూసి, సందులోని దుకాణానికి మళ్ళీ వెళ్ళి, ఆయనకూ ఒకటి తెచ్చి పెట్టారు. దాంతో కంపెనీలో వాచీ పెద్ద హోదా అయిపోయింది. మిగిలినవాళ్ళు కూడా ఎక్కడెక్కడో వెతికి అలాంటివే కొనుక్కున్నారు.

ఇప్పుడు ఆ ఆఫీసుకు ఆలస్యంగా వచ్చేవాళ్ళే లేరు, ఎవరి వాచీ ప్రకారం వాళ్ళు ఠంచనుగా వస్తున్నారు.