సాక్సుల గోడౌనులో అందరి కూతుళ్లకీ పరీక్ష

ఆ ఉదయం తాన్ యులాన్ కోరుకున్నది చిన్న కోరిక. మర్నాడు కూతురు షుయాంగ్‌కి కాలేజీ ప్రవేశ పరీక్ష. తల్లులందరిలాగే తనూ శుభమని ఎర్ర చిపావో గౌను తొడుక్కుని పరీక్ష కేంద్రం గేటు దగ్గర నిలబడాలి. తండ్రి లేని పిల్ల, బయటికి రాగానే ఒక్క మొహమైనా కనిపించాలి కదా. అందుకు ఒక్కరోజు సెలవు కావాలి.

చైనాలోని యీవూ ఊళ్లో ఆ సాక్సుల గోడౌనుకి మేనేజరు ఫై. సీజన్లో సెలవేమిటని మొహం మీదే కాదన్నాడు. పక్క బల్ల దగ్గర పనిచేసే చియు మాన్ అది విని, యజమానురాలు లువాన్ కూడా ఉన్న ఆఫీసు గ్రూపులోనే అడగమంది. యులాన్ గుండె చిక్కబట్టుకుని టైపు చేసింది: "రేపు నా కూతురికి పరీక్ష. దయచేసి సెలవు ఇప్పించండి."

మద్దతుగా చియు మాన్ అదే వాక్యం పొల్లుపోకుండా దింపి, కింద "వరస తప్పకండి" అని తగిలించింది. ఇంటర్నెట్ చర్చల్లో జవాబులు అంతస్తుల్లా పేర్చుకునే రోజుల్లో పుట్టిన మాట అది. ఒకరు అన్నది తక్కినవాళ్లు మక్కీకి మక్కీ అనాలి. ఎందుకని అడిగినవాడు ముసలివాడి కింద లెక్క. కాసేపట్లో గోడౌనంతా వరసలో చేరింది. పెళ్లికాని కుర్రాళ్లకి కూడా కూతుళ్లు పుట్టారు, వాళ్లకీ రేపే పరీక్ష. కుక్క తప్ప నా అన్నవాళ్లు లేని వాచ్‌మన్ సైతం సెలవు అడిగాడు.

"అక్కా, ఇది ఆగడం లేదే," అంది చియు మాన్, కొంచెం భయంగా.

"నా ఉద్యోగం ఊడగొట్టావు కదే తల్లీ," అంది యులాన్.

భోజనం చేస్తున్న ఫై ఫోను తీశాడు. గ్రూపులో పైకి జరిపి మొదటి ముక్క చదివే ఓపిక లేదు. కుర్రకారు భాష తనకీ వచ్చని చూపించుకునే అవకాశం మాత్రం కనిపించింది. నూడుల్స్ నములుతూనే తనూ అదే వాక్యం దింపాడు.

ఈ వరసల గొడవేమీ తెలియని లువాన్ కళ్లద్దాలు పెట్టుకుని అన్నీ చదివింది. కాసేపటికి గ్రూపులో ఆవిడ గొంతు వినిపించింది.

"ఇంతమంది పిల్లలు పరీక్ష రాస్తుంటే నాకు ఒక్కరూ చెప్పలేదేం? రేపు గోడౌనుకి సెలవు. నేనూ గేటు దగ్గరికి వస్తున్నా, అందరూ రండి."

యజమానురాలు వస్తానన్నాక రాకుండా ఉండేదెవరు? మర్నాడు షుయాంగ్ బయటికి వచ్చేసరికి గోడౌను మొత్తం గేటు ముందు నిలబడి చప్పట్లు కొట్టింది. పిల్ల తెల్లబోయింది.

"అమ్మా, వీళ్లంతా ఎవరు?"

"మనవాళ్లేనమ్మా."

యులాన్ కళ్లు తుడుచుకుంటూ చియు మాన్‌ని కావలించుకుంది, వాచ్‌మన్‌కి తలవంచింది, చివరికి ఫైకి కూడా మనసారా కృతజ్ఞతలు చెప్పుకుంది. ఇంతమంది తన పిల్ల కోసం ఎండలో నిలబడ్డారు, అది ఆమె ఎన్నటికీ మరిచిపోలేదు.

కుర్రాళ్లు గుంపులో కలిసి మెల్లగా జారుకున్నారు. లువాన్ మాత్రం బ్రహ్మచారి ఫై పక్కనే నిలబడి, మీ అమ్మాయి కాస్త నిదానంగా రాస్తున్నట్టుందని చీకటి పడేదాకా ధైర్యం చెబుతూనే ఉంది.