మేడిపల్లి విదేశాంగ శాఖ

భారతదేశపు విదేశాంగ విధానం మేడిపల్లిలో జగన్మోహన్ రావు గారి వరండా నుంచి నడవడం మొదలై, ఆయనకు సన్మానం జరిగిన ఆదివారానికి సరిగ్గా డెబ్బై రోజులైంది. ఈ సంగతి ఢిల్లీకి తెలియదు. ఢిల్లీకి తెలియని సంగతులు చాలా ఉన్నాయని ఆయన మొదటినుంచీ చెబుతూనే ఉన్నారు.

జరిగింది ఇదీ. ఆయన కొడుకు సాకేత్ రావు హైదరాబాదులో ఎమ్మే చదువుతూ, గల్ఫులోని ఒక దేశంలో మన దౌత్య కార్యాలయంలో మూడు నెలల ఇంటర్న్‌షిప్ సంపాదించాడు. కాగితం మీద ఉన్నది అంతే. కానీ ఆ కాగితం హైదరాబాదులో బయలుదేరి సిరిసిల్ల దాటేసరికి ఉద్యోగమైంది. కోరుట్లలో ఆగి హోదా తగిలించుకుంది. మేడిపల్లిలో బస్సు దిగేటప్పటికి సాకేత్ దాదాపు రాయబారి. "జీతమెంత దొరా?" అని ఎవరైనా అడిగితే, "దేశసేవకు జీతముంటదా?" అని జగన్మోహన్ రావు గారు ఎదురు ప్రశ్న వేసేవారు. అడిగినవాళ్లకే సిగ్గేసేది.

చిక్కల్లా ఒక్కటే. ఆ దేశం గల్ఫులో ఉంది. ఈ చుట్టుపక్కల గల్ఫ్ పోనివాడెవడు? కల్లుగీత వదిలినవాళ్లు, మగ్గం వదిలినవాళ్లు, బోరు ఎండినవాళ్లు, అందరూ పోయినవాళ్లే. జగన్మోహన్ రావు గారి వంశంలో మాత్రం ఎవరూ పోలేదు. వాళ్లు ఊళ్లో ఉండి మిగిలినవాళ్లను పొమ్మన్నారంతే. అలాంటి ఇంటి పిల్లవాడిని గురించి సెలూన్ బాలకిషన్, గడ్డం సగం గీసి ఆపి మరీ అడిగాడు.

"సాకేత్ బాబు గూడ గల్ఫ్ పోయిండట గద సారూ. ఏ క్యాంపుల ఉంటుండు?"

"మావాడు గల్ఫ్ పోలేదు. విదేశాంగంలకు పోయిండు. రెంటికి తేడా ఉన్నది."

మిగిలిన సగం గడ్డం ఆయన ఇంట్లో గీసుకున్నారు. ఆ రోజు నుంచి క్షవరానికి కోరుట్ల వెళ్తున్నారు. దేశం పరువు కోసం ఆ మాత్రం పెట్రోలు కాలితే కాలింది.

సాకేత్ విమానం దిగిన రోజే ఫోన్ చేశాడు. "డాడీ, ఇక్కడ ఉండేతందుకు రూమ్ గూడ మనమే చూసుకోవాల్నట. అడ్వాన్సు కట్టాలె, జర పంపిస్తవా?"

అప్పుడు వరండాలో ఆరుగురు కూర్చుని ఉన్నారు. ఆ ఆరుగురి సమక్షంలో ఆయన అంతకు ముందే కొడుక్కి సముద్రం కనబడే బంగళా ఒకటి కేటాయించేశారు. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే అలవాటు ఆ ఇంట్లో లేదు.

"అవన్ని వాళ్లే ఇస్తరు. నలుగుట్ల గిట్ల మాట్లాడకు," అని ఫోన్ పెట్టేశారు.

మర్నాడు మెసేజీ వచ్చింది. "సర్దుకున్నది డాడీ. కారు, డ్రైవర్, వంటమనిషి, అరబ్బీ వచ్చినాయన, రూమ్, అన్ని దొరికినయి."

జగన్మోహన్ రావు గారికి ఆనందమే తప్ప ఆశ్చర్యం కలగలేదు. ఆ మెసేజీని శుభ్రమైన గ్రాంథికంలోకి మార్చి, "సౌకర్యముల జాబితా" అని పేరు పెట్టి, కోరుట్ల జిరాక్స్ షాపులో టైపు చేయించి, లామినేషన్ చేయించి వరండాలో తాతగారి పటం పక్కన తగిలించారు. కారు ఒకటి. డ్రైవరు ఒకరు. వంటవారు ఒకరు. దుబాసీ ఒకరు. బస, సముద్రాభిముఖముగా. సముద్రం ఆయన సొంతంగా చేర్చింది.

తర్వాత ఫోటోలు రావడం మొదలైంది. నల్లకారు వెనక సీట్లో సాకేత్. ఆగస్టు పదిహేను విందులో పళ్లరసం గ్లాసుతో సాకేత్, పక్కన తెల్లటి పొడుగు అంగీ తొడుక్కున్న ఒక పెద్దమనిషి. ఆయన రాజుగారి తమ్ముడని జగన్మోహన్ రావు గారు తేల్చారు. ఆయనెవరో సాకేత్ రాయలేదు కాబట్టి, తేల్చడానికి అడ్డమేమీ లేకపోయింది.

ఆయన భార్య దమయంతి గారికి మాత్రం ఒక సందేహం పట్టుకుంది. "వంటమనిషి పచ్చిపులుసు మంచిగ చేస్తడట. మొన్న మక్కగారెలు గూడ చేసిండట. అరబ్బోళ్లకు మక్కగారెలు ఎట్ల తెలుసండీ?"

జగన్మోహన్ రావు గారు కాసేపు ఆలోచించారు. "ట్రైనింగ్ ఇస్తరు," అన్నారు.

దమయంతి గారు జాబితా వైపు ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఇంత హోదా వరండాలో ఊరికే కూర్చోదు. ఆయన ఒక బల్ల వేయించి, దాని మీద పచ్చ సిరా పెన్ను, ఒక రబ్బరు స్టాంపు పెట్టారు. గల్ఫులో ఉన్నవాళ్ల బాధలతో జనం రావడం మొదలుపెట్టారు. ఆయన ప్రతి అర్జీ మీద "తగు చర్య నిమిత్తం పంపడమైనది" అని రాసి, ఫోటో తీసి కొడుక్కి వాట్సాప్ చేసేవారు. విచిత్రమేమిటంటే, పనులు జరిగేవి. లసుమవ్వ కొడుకు ఎల్లేశం మూడు నెలలుగా ఫోన్ చేయలేదు. అర్జీ వెళ్లిన రెండో రోజున చేశాడు. "ఎవలో మనదిక్కాయనే అచ్చి, నా ఫోన్ బాగు చేపిచ్చి మాట్లాడమన్నడే అవ్వా," అన్నాడు. లసుమవ్వ వరండాకు వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. జగన్మోహన్ రావు గారు ఆమెకు జాబితా చూపించారు.

ఈ కీర్తి సిరిసిల్లలో ఉన్న ఆయన బావమరిది సురేందర్ దాకా పోయింది. సురేందర్‌కు తంగళ్ళపల్లి దగ్గర మరమగ్గాల షెడ్డు ఉంది, ఎవరో ఒకరికి సన్మానం చేయకపోతే నిద్ర పట్టని గుణం ఉంది.

"బావా, నీకు 'విదేశాంగ రత్న' ఇద్దామనుకుంటున్న. వచ్చే ఆదివారం కోరుట్ల ఫంక్షన్ హాల్ మాట్లాడిన. శాలువా మా మగ్గం మీదనే. నీ పేరు, బిరుదు అండ్లనే నేపిస్త. అచ్చు గాదు, నేత. ఉతికినా పోదు."

"నాకెందుకు బావా ఇవన్ని," అన్నారు జగన్మోహన్ రావు గారు. వెంటనే, "అక్షరాలు జర పెద్దగ నేపియ్యి," అని కూడా అన్నారు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఐలయ్య, వజ్రమ్మ వచ్చారు. ఐలయ్య ఒకప్పుడు తాళ్లెక్కి కల్లు గీసేవాడు. మోకాలు పోయాక మానేశాడు. వాళ్ల కొడుకు శ్రీహరి ఎనిమిదేళ్లుగా గల్ఫులో, ఆఫీసులకు బండ్లు పెట్టే ఒక కంపెనీలో డ్రైవరు.

"మా బిడ్డ స్వరూప పెండ్లి పెట్టుకున్నం దొరా, పదిహేను దినాలే ఉన్నది," అన్నాడు ఐలయ్య. "శ్రీహరికి సెలవు దొరికింది, టికెట్ గూడ కొన్నడు. ఇగ అస్తడనంగ ఎవరో సారు ఆపిండట. నువ్వు పోతే నాకు నడువది అన్నడట."

"ఎవడా సారు?"

"పేరు చెప్తలేడు దొరా. అడిగితే, పోనీ నాయినా, మంచోడే అంటడు."

వజ్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "అన్న రాకుంటే పీటల మీద కూసోనని పిల్ల తిండి మానేసింది. పెండ్లి నిలవడితే మల్ల సంబంధం దొరుకుతదా దొరా? మీ కాళ్లు మొక్కుత, చిన్న దొరకు చెప్పుండ్రి."

జగన్మోహన్ రావు గారికి నిజంగానే కోపం వచ్చింది. పేదవాడి పెళ్లి ఆపేంత మనిషా? ఆయన చీటీ రాయలేదు, ఏకంగా ఉత్తరువే రాశారు. "సదరు అధికారి శ్రీ .................. గారు తన సొంత సుఖము కొరకు ఒక కార్మికుని సెలవును నిలిపివేసినందున, వారు ఐలయ్య దంపతులకు క్షమాపణ చెప్పవలెను. మరియు సదరు కార్మికుని స్వయముగా వెంటబెట్టుకొని వచ్చి ఇంటివద్ద అప్పగించవలెను." పేరు తెలియదు కాబట్టి చుక్కలు పెట్టారు. సంతకం మాత్రం సభలో పెడతానన్నారు. న్యాయం నలుగురి ముందు జరగాలి కదా.

ఉత్తరువు ఫోటో కొడుక్కి వెళ్లింది. నీలం టిక్కులు రెండూ పడ్డాయి. జవాబు రాలేదు. నాలుగు రోజులైనా రాలేదు. "ఫైలు కదులుతున్నది," అన్నారు జగన్మోహన్ రావు గారు.

ఆదివారం కోరుట్ల ఫంక్షన్ హాల్ నిండింది. ముందు వరసలో దమయంతి గారు. మూడో వరసలో, పిలవకపోయినా, బాలకిషన్. సురేందర్ వేదిక మీద పెద్ద తెర పెట్టించాడు. సాకేత్‌ను వీడియో కాల్‌లో పట్టుకుని, ఐలయ్య కొడుకు సెలవు అందరి కళ్ల ముందు ఇప్పించాక శాలువా కప్పాలని అతని ఏర్పాటు.

ఫోన్ చాలాసేపు మోగింది. చివరికి తెర మీద సాకేత్ వచ్చాడు. బనీను మీద ఉన్నాడు. వెనక సముద్రం లేదు. ఒకదాని మీద ఒకటిగా ఇనుప మంచాలు, వాటి మధ్య తాడు, తాడు మీద ఆరేసిన లుంగీలు ఉన్నాయి. ఓ మూల స్టవ్ ముందు ఎవరో అటు తిరిగి గిన్నె కలుపుతున్నారు.

"డాడీ, ఇప్పుడెందుకు చేసినవు?"

"ప్రజల పనికి వేళ ఉంటదా?" అన్నారు జగన్మోహన్ రావు గారు మైకులో. ఉత్తరువు మొత్తం చదివి వినిపించారు. "ఇప్పుడు చెప్పు. మేడిపల్లి ఐలయ్య కొడుకు సెలవు ఆపిన ఆ అధికారి ఎవరు? ఎంత పెద్దోడైనా ఇడిసిపెట్టేది లేదు."

సాకేత్ తల దించుకున్నాడు. ఐలయ్య పేరు వినబడగానే స్టవ్ ముందున్న మనిషి గరిటతో సహా ఇటు తిరిగాడు.

"అగో, మా శ్రీహరి," అంటూ వజ్రమ్మ ఆడవాళ్ల వరసలోంచి లేచి నిలబడింది. "చిన్న దొర నీ రూంల ఎందుకున్నడురా?"

శ్రీహరి సాకేత్ వంక చూశాడు. చెప్పమన్నట్టు సాకేత్ తలూపాడు.

"ఆఫీసోళ్లు రూమ్ ఇయ్యరే అమ్మా. బాబు ఎయిర్‌పోర్టుల పెట్టె మీద కూసోని ఉంటే, మనూరాయనే గదాని తోలుకచ్చిన."

మూడో వరసలో బాలకిషన్ లేచాడు. ఎవరూ అడగకుండానే వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. "మరి కారో?"

"మా కంపెనీ బండి. ఆఫీసు పనికి పెట్టిన్రు."

"డ్రైవర్?"

"నేనే గదన్నా."

"వంటమనిషి?"

శ్రీహరి గరిట పైకెత్తి చూపించాడు.

"అరబ్బీ ఎవలు మాట్లాడుతరు?"

"ఎనిమిదేండ్లాయె. రాక ఏం జేస్తది?"

బాలకిషన్ మడిచిన వేళ్లన్నీ చూసుకుని కూర్చున్నాడు. లసుమవ్వ తెర వైపు రెండు చేతులూ జోడించింది. ఎల్లేశం ఫోన్ ఎవరు బాగు చేయించారో ఆమెకు అప్పుడు తెలిసింది.

"డాడీ," అన్నాడు సాకేత్. "అండ్ల నా పేరే రాయాలె. శ్రీహరన్నను నేనే ఆపిన. ఇంకో ఇరవై రోజులల్ల నాది అయిపోతది, అప్పటిదాంక ఉండమన్న. చెల్లె పెండ్లి అని చెప్పిండు. విననట్టే ఊకున్న. నీకు నిజం చెప్పుదామంటే, నువ్వు అప్పటికే అందరికి చెప్పేసినవు."

జగన్మోహన్ రావు గారు కాగితం వంక చూశారు. ఆయన దస్తూరి ఆ రోజు చాలా బాగా కుదిరింది. ఒక్క అక్షరం కూడా అర్థం కాకుండా లేదు.

ఐలయ్య మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వేదిక మీదికి వచ్చాడు. అతనికి చదువు రాదు. చుక్కలు మాత్రం కనబడ్డాయి. ఎత్తిపొడుపు లేదు అతని మాటలో, అదే జగన్మోహన్ రావు గారికి భరించరానిదైంది.

"దొరా, పేరు కాడ జాగ ఇడిసిన్రు గద. ఇప్పుడు రాయుండ్రి. నా కొడుకు ఇల్లు చేరుతడు."

జగన్మోహన్ రావు గారు పెన్ను కోసం జేబులు తడుముకున్నారు. పెన్ను చేతిలోనే ఉంది. "ఇటువంటి విషయాలల్ల పేర్లు బయటపెట్టుడు దేశానికి మంచిది గాదు," అని మొదలుపెట్టారు. ఈలోపు దమయంతి గారు లేచి వచ్చి, ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుని, చుక్కల మీద కొడుకు పేరు ఇంటిపేరుతో సహా రాశారు.

"మక్కగారెలప్పుడే అనుకున్న," అన్నారావిడ. "సంతకం మీదే. పెట్టుండ్రి."

ఆయన పెట్టారు. చప్పట్లు కొట్టాలో వద్దో హాలుకు తెలియలేదు. సురేందర్ మాత్రం ముందుకు వచ్చి శాలువా కప్పేశాడు, ఎందుకంటే కార్యక్రమంలో తరువాతి అంశం అదే.

ఉత్తరువు అక్షరాలా అమలైంది. పెళ్లికి మూడు రోజుల ముందు ఐలయ్య ఇంటి ముందు హైదరాబాదు నుంచి వచ్చిన కారు ఆగింది. మొదట శ్రీహరి దిగాడు. స్వరూప పరుగెత్తుకొచ్చి అన్న చెయ్యి పట్టుకుంది, ఇంక వదల్లేదు. వెనక సాకేత్ దిగి, శ్రీహరి అట్టపెట్టెను దించి తలమీద పెట్టుకుని లోపల పెట్టాడు. తర్వాత ఐలయ్య ముందు నిలబడి, "తప్పయింది కాకా," అన్నాడు. ఐలయ్య అతన్ని మంచం మీద కూర్చోబెట్టి, తిన్నావా అని అడిగాడు.

జగన్మోహన్ రావు గారు శాలువా కప్పుకుని వచ్చారు. తన ఉత్తరువు ఫలితాన్ని స్వయంగా తనిఖీ చేయాలి కదా. కారు పక్కన ఇంకొక అట్టపెట్టె ఉంది. నైలాన్ తాడుతో అడ్డంగా నిలువుగా కట్టి, గల్ఫ్ నుంచి ఊరికి వచ్చే ప్రతి పెట్టె మీదా ఉన్నట్టే దీని మీదా నల్ల మార్కరుతో పేరు, అడ్రసు రాసి ఉన్నాయి. శ్రీహరి దస్తూరి. సాకేత్ రావు, కేరాఫ్ శ్రీహరి, తండ్రి ఐలయ్య, మేడిపల్లి.

వీధిలో జనం మూగుతున్నారు. "ఇది దౌత్య సామాను," అన్నారు జగన్మోహన్ రావు గారు. "బయటోళ్లు సదువద్దు."

బాలకిషన్ అప్పటికే చదివేశాడు. పైకి, నిదానంగా, రెండుసార్లు.

జగన్మోహన్ రావు గారు శాలువా కొంగును ఐలయ్య వాకిట్లో ఉన్న బిందెలో ముంచి, ఆ రాతను తుడవడానికి కూర్చున్నారు. విదేశాంగ రత్న తడిసింది. ఆయన బలమంతా పెట్టి రుద్దారు. ప్రయాణపు దుమ్మంతా పోయి, అక్షరాలు ఇంకా బాగా కనబడ్డాయి.