సున్నా పాయింట్ తొంభై ఏడు

ఆరోగ్యశాఖ మంత్రిగారు తన గుండెను ప్రభుత్వాసుపత్రిలోనే, సామాన్యులు పడుకునే బల్ల మీదే, పత్రికలవాళ్ల ఎదుటే పరీక్ష చేయించుకుంటానని ప్రకటించారు. దాచుకోవడానికి తన గుండెలో ఏమీ లేదన్నారు. ఇంత పారదర్శకమైన గుండె చరిత్రలో లేదని మర్నాడు పత్రికలు రాశాయి.

ఆ వార్త చదివి గుండె జారిపోయిన మనిషి ఒక్కడే. అతను ఆ ఆసుపత్రి గుండె డాక్టరు.

మంత్రిగారి జబ్బు అతనికి తెలుసు. గుండె నుంచి రక్తం ఒంట్లోకి వెళ్లే దారిలో ఉండే వాల్వు గట్టిపడి, ఓరగా తీసిన తలుపులా ఇరుకైపోయింది. మార్చాలి. మార్చేముందు, గుండెకే రక్తం అందించే నాళాలు ఎంత సన్నబడ్డాయో తేలాలి. యాంజియోగ్రాం ఫోటోలో చూస్తే నాళం అటూ ఇటూ కాకుండా ఉంది. అలాంటప్పుడు సన్నటి ప్రెషర్ వైరు లోపలికి పంపి, ఇరుకుకి ఇవతల ఎంత ఒత్తిడి, అవతల ఎంత అని కొలుస్తారు. అవతలిది ఇవతలిదాంట్లో ఎన్నో వంతో, అదే రిజల్టు. వాల్వు జబ్బున్నవాళ్ల విషయంలో ఆ వైరు కూడా ఒక్కోసారి ఉన్నదానికంటే మంచి కబురే చెబుతుంది. అందుకని డాక్టరు దాని మాట కూడా పూర్తిగా నమ్మేవాడు కాదు. నమ్మకపోవడం అతని వృత్తి. ఆ సంగతి ఎదుటివాడి ముఖం మీద అనలేకపోవడం అతని స్వభావం.

అతని భయం మంత్రిగారి గురించి కాదు. ఆసుపత్రిలో ఉన్నది ఒకటే వైరు. ఒకసారి వాడితే మళ్లీ పనికిరాదు. అది కిటికీ పక్క మంచం మీదున్న కాలర్ల అత్త కోసం అట్టేపెట్టింది. బడిపిల్లల చొక్కాలకు కాలర్లు కుట్టి బతికే ఆవిడను వార్డంతా అలాగే పిలుస్తారు. జబ్బూ అదే, అనుమానమూ అదే. ఇంకో వైరు రావాలంటే ఫైలు మూడంతస్తులు ఎక్కి దిగాలి. ఆవిడ ఒక్క అంతస్తు కూడా ఎక్కలేని మనిషి.

ఏర్పాట్లు చూడటానికి మంత్రిగారి బావమరిది వచ్చాడు. అతనికి ఏ పదవీ లేదు కాబట్టి అన్ని పదవుల పనీ అతనే చూసేవాడు.

"రిజల్టు ఎంత రావాలండీ?"

"రావాలి అని ఉండదండీ. ఎంతుంటే అంత వస్తుంది. సున్నా పాయింట్ ఎనిమిది దాటితే మామూలుగా నాళం జోలికి వెళ్లం, ఛాతీ తెరవకుండా తొడ దగ్గర్నుంచి వాల్వొక్కటే మారుస్తాం. తగ్గితే..."

"మా బావకి సున్నాతో మొదలవుతుందా?"

"అందరికీ అంతేనండీ. ఒకటి దాటదు."

"అయితే ఒకటి వేసేయండి."

డాక్టరు నవ్వాడు. బావమరిది నవ్వలేదు.

"తగ్గితే ఏమంటారు?"

"ఛాతీ తెరవాల్సి రావచ్చు. వాల్వూ నాళమూ రెండూ చేయాలి. నెలల తరబడి విశ్రాంతి."

"ఇంకేం, కొంప మునిగినట్టే! నెల తిరక్కుండా మంత్రివర్గం మారుస్తున్నారు. మంచం మీదున్నవాడికి ఏ శాఖ ఇస్తారండీ? సరే, ఒకటంటే ప్రతిపక్షం నమ్మదు. సున్నా పాయింట్ తొంభై ఏడు. తక్కిన మూడూ ప్రజాస్వామ్యం కోసం వదిలేశామనుకోండి."

"ఆ వైరు ఇదే జబ్బున్న ఒక లేడీ పేషెంటు కోసం పెట్టిందండీ."

"మా బావ పేషెంటు కాదా?"

డాక్టరు లోపల్లోపల గట్టిగా "కుదరదు" అన్నాడు. బయటికి "సరే" అని వినిపించింది. రెండూ ఒకే గొంతులోంచి ఎలా వస్తాయా అని కాసేపు ఆశ్చర్యపోయాడు కూడా.

ఆ సాయంత్రమే రిజల్టు అచ్చుకు వెళ్లింది. పరీక్ష జరక్కముందే రిజల్టు చేతికొచ్చిన శాఖ మరొకటి లేదు. దూరదృష్టి అంటే అది.

అనుకున్న రోజున మంత్రిగారు ఆకుపచ్చ గౌను తొడుక్కుని, ఓట్లడిగేటప్పటి చిరునవ్వుతో బల్ల మీద పడుకున్నారు. నర్సు వైరు ప్యాకెట్టు విప్పింది.

"వైరు సార్ చేతిలో ఉంటే బాగుంటుంది!" అన్నాడొక ఫోటోగ్రాఫరు.

"ముట్టుకోకూడదండీ, అది..." అని డాక్టరు అనేలోగానే మంత్రిగారు దాన్ని అందుకుని పైకెత్తి చూపించారు. బావమరిది తీసుకుని వేలికి చుట్టి చూశాడు. అక్కణ్ణుంచి ముందు వరుసలోవాళ్లందరూ తలా కాసేపు పట్టుకున్నారు. ఒక పరికరం ఇంత తొందరగా ప్రజల్లోకి వెళ్లడం అందరికీ నచ్చింది.

డాక్టరు మంత్రిగారి మణికట్టు పట్టుకున్నాడు. చిరునవ్వు చెదరలేదు గానీ నాడి పరుగెడుతోంది. అతను మత్తు సూది చేతిలోకి తీసుకోగానే మంత్రిగారు లేచి కూర్చున్నారు.

"సోదరులారా, పరీక్ష దిగ్విజయంగా ముగిసింది!"

చప్పట్లు మోగాయి. అచ్చయిన రిజల్టు పంచిపెట్టారు.

"వైరు పాడైపోయిందండీ. ఆవిడ పరీక్ష ఎలా?" అన్నాడు డాక్టరు.

"అదే జబ్బన్నారుగా? అదే నంబరు వేసేయండి. మంత్రికో నంబరు, ప్రజలకో నంబరా? ఏ కాలంలో ఉన్నారండీ మీరు?" అన్నాడు బావమరిది. అనడమే కాదు, స్వయంగా వార్డులోకి వెళ్లి కాలర్ల అత్తకు ఆ నంబరు ప్రకటించి, ఫోటో దిగి వచ్చాడు.

బట్టలు మార్చుకునే గదిలో మంత్రిగారు ఒంటరిగా ఉన్నారు. చొక్కా గుండీ పట్టడం లేదు. డాక్టర్ని లోపలికి పిలిచి తలుపు వేయమన్నారు.

"తొంభై ఏడంటున్నారు. నిజంగా అంత బాగుందా?"

"వైరు లోపలికి వెళ్లలేదు సార్."

"అది నాకు తెలుసయ్యా. నంబరు సంగతి అడుగుతున్నాను."

ఆ ముఖంలో మోసం లేదు. పరీక్ష రాయకుండా ఫలితాల కోసం ఎదురుచూసే పిల్లవాడి ఆశ ఉంది. డాక్టరుకు జాలి వేసింది. ఆ జాలే కాస్త ధైర్యమిచ్చింది.

"ఆ నంబరు నమ్మి వాల్వు మారిస్తే, నాళం నిజంగా ఇరుకై ఉంటే, గుండె తట్టుకోలేక బల్ల మీదే ఆగిపోవచ్చు సార్."

మంత్రిగారు పట్టని గుండీని వదిలేశారు.

"ఆ కాలర్లావిడకీ ఇదే నంబరు కదూ?"

"అవును సార్."

"అయితే నా ఆపరేషన్ తేదీ ఆవిడకిచ్చెయ్. ముందు ఆవిడకి చెయ్యి. ఆవిడ లేచి నడిస్తే అప్పుడు నేను పడుకుంటాను." ఆయన గొంతు ఎంతో మెత్తగా ఉంది.

తన వంతు ఒక కుట్టుపని మనిషికి వదులుకున్న మంత్రిగారి త్యాగం మర్నాడు మొదటి పేజీలో వచ్చింది. డాక్టరు ఆ పేజీ చూడకుండా సరాసరి కిటికీ పక్క మంచం దగ్గరికి వెళ్లాడు. కాలర్ల అత్త జుట్టు దువ్వుకుని కూర్చుని ఉంది.

"అమ్మా, ఆ నంబరు మీది కాదు. మీకు పరీక్షే జరగలేదు. ఇంకో వైరు వచ్చేదాకా ఒప్పుకోకండి."

"నన్నెవరూ ముట్టుకోలేదని నాకు తెలీదా బాబూ? నాది కాకపోతే మంత్రిగారిదేగా. ఆయనకి మంచిదైంది నాకు కాదా?"

"ఆయనకీ జరగలేదమ్మా."

"ఊరుకో బాబూ! పేపర్లో బొమ్మ వేస్తేనూ!" అంటూ నవ్వబోయి ఆయాసపడింది. నిమ్మళించాక అతని చేతి మీద చెయ్యి వేసింది.

"నా తర్వాత ఆయనేనటగా. పాపం, పెద్దమనిషిని పడిగాపులు కాయించకూడదు. నాది త్వరగా కానిచ్చెయ్ నాయనా."